ఈ కుక్క యెవరిది?

మన పల్లెలలో ఒక కుక్కను చూపి "ఇది యెవరిది?" అని యడిగినచో సూటియైన సమాధానము దొరకుట యరుదు. అది ఉదయమున ఒకరి పెరటిలో చద్దియన్నము తినును. మధ్యాహ్నమున వేరొకరి యరుగుమీద పండుకొనును. రాత్రివేళ క్రొత్తవారెవరైన వచ్చినచో వీథి మొదటినుండి తుదివరకును మొరుగుచు పోవును. దానిని "మా వీథికుక్క" యందురే గాని "మా కుక్క" యని చెప్పువారుండరు. ఇట్టి యేర్పాటు తరతరములుగా సాగుచు వచ్చినది. ఇందు మంచితనము లేకపోలేదు. దిక్కులేని ప్రాణికి నాలుగిండ్లవారు తలకొక ముద్ద పెట్టుట మనవారి దయాగుణమే. కాని ఆ కుక్క ఒకనాడు బడికి పోవు పిల్లవానిని కరచినదనుకొనుడు. అప్పుడు అన్నము పెట్టిన నాలుగిండ్లవారును "అది మాది కాదు" అనియే చెప్పుదురు. వారి మాటలో అసత్యము లేదు. చిక్కంతయు అక్కడనే యున్నది.

పట్టణములలో చిక్కు మరియొక విధముగా నుండును. వేలకొలది రూపాయలు పోసి జాతికుక్కలను కొని తెచ్చువారు అచ్చట పెక్కురు. కూనగా నున్నంతకాలము అది యింటిలో ముద్దుబిడ్డ. అది పెరిగి తిండి పెరిగినప్పుడో, జబ్బుపడినప్పుడో, ఇల్లు మారవలసి వచ్చినప్పుడో కొందరు దానిని చీకటివేళ ఊరి బయట విడిచి వచ్చుచున్నారు. నిన్నటివరకు యజమాని గల కుక్క నేడు ఎవరిదియు గాక పోవుచున్నది.

కుక్కకు లైసెన్సు కావలెనన్న మాట వినగానే పలువురు నవ్వుదురు. తుపాకికి లైసెన్సు, మోటారు నడుపుటకు లైసెన్సు, కుక్కకు గూడ లైసెన్సా యని వారి పరిహాసము. నిజమునకు ఆ కాగితము అడుగు ప్రశ్న ఒక్కటే: ఈ కుక్క యెవరిది? ఆ ప్రశ్నకును మనుష్యుల ప్రాణములకును గల సంబంధమేమో తెలిసికొన్నచో నవ్వు దానంతట నదియే ఆగిపోవును.

పిచ్చికుక్క కాటువలన వచ్చు వ్యాధికి రేబీస్ అని పేరు. రోగి గొంతుకండరములు బిగుసుకొని నీరు మ్రింగలేడు. తుదకు నీటిని చూచినంతనే వణకును. అందుచేతనే దీనికి జలభీతి యను పేరు గూడ వచ్చినది. ఈ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవి కుక్క లాలాజలమునుండి గాయములోనికి ప్రవేశించి, నరముల వెంట మెల్లమెల్లగా మెదడువైపు ప్రాకును. ఆ ప్రయాణమునకు సాధారణముగా ఒకటి మొదలు మూడు నెలలు పట్టును. ఒక్కొక్కప్పుడు వారములోనే ముగియవచ్చును, ఏడాది దాటియు పట్టవచ్చును. ఆ వ్యవధిలో, ఆలసింపక టీకాలు వేయించినచో ప్రాణము దక్కును. వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట బ్రదికినవారు ప్రపంచములోనే వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది. ఏటేట సుమారు 59,000 మంది ఈ వ్యాధికి బలియగుచున్నారని నిపుణుల అంచనా. మనుష్యులకు వచ్చు రేబీస్‌లో నూటికి 99 పాళ్లు కుక్కలవలననే వచ్చుచున్నది. పిచ్చిదని అనుమానింపబడిన జంతువు కాటుకు గురియైన వారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్ల లోపువారే, అనగా మీ యీడువారును మీ తమ్ములును చెల్లెండ్రును.

1885వ సంవత్సరము జూలై 6వ తేదీన పారిస్ నగరములో లూయీ పాశ్చరు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, పిచ్చికుక్క కరచిన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి మొదటిసారిగా టీకామందు వేయించి కాపాడెను. ఆ మందును తయారుచేయు సంస్థ దక్షిణ భారతమున 1907లో నీలగిరులమీద కూనూరులో వెలసెను.

ఈ వ్యాధిని గూర్చి తెలియవలసిన సంగతి మరియొకటి కలదు. సూక్ష్మజీవి కుక్క లాలాజలములోనికి దిగునప్పటికే దాని మెదడు చెడుట ఆరంభమై యుండును. అట్టి కుక్క పది దినములలోపల చచ్చిపోవును. కావున కరచిన కుక్క పది దినముల తరువాతను హాయిగా తిని తిరుగుచున్నదనగా, కరచిననాడు దాని నోట విషము లేదని తేలినట్లే. ఇంత విలువగల పరీక్షకు యంత్రము అక్కరలేదు, ధనము అక్కరలేదు. ఆ కుక్క యెవరిదో తెలిసిన చాలును. తెలియని కుక్క కరచి సందు దాటి పోయెనా, ఆ యింటివారికి నెల దినములు నిద్రపట్టదు.

ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకొని ఒక దేశము ఏమి సాధించెనో చూతము. బ్రిటనులో కుక్కలమీద పన్ను మొదట 1796లో విధింపబడెను. 1867లో పన్నును తీసివేసి దానికి బదులు కుక్క యొక్కింటికి ఐదు షిల్లింగుల లైసెన్సు పెట్టిరి. 1878లో అది ఏడు షిల్లింగుల ఆరు పెన్నీలయ్యెను. గొఱ్ఱెలను కాయు కుక్కలకు మాత్రము మినహాయింపు నిచ్చిరి. లండను వీథులలో దిక్కులేక తిరుగు కుక్కలను పట్టుకొను అధికారము 1867లోనే పోలీసులకు లభించెను. అంతకు ఏడేండ్లు ముందుగా, 1860లో, మేరీ టీల్బీ యను నామె తప్పిపోయిన కుక్కలకై లండనులో ఒక శరణాలయమును స్థాపించియుండెను. అది 1871లో బాటర్సీ యను చోటికి మారి నేటికిని నడచుచున్నది.

అయినను పిచ్చికుక్కల బెడద తగ్గలేదు. నాటికి కుక్కలకు వేయు టీకాలు వాడుకలో లేవు. అప్పుడు వ్యవసాయశాఖను ఏలుచున్న వాల్టరు లాంగు అను మంత్రి 1897లో కఠినమైన యుత్తరువు నొకదానిని జారీచేసెను. వ్యాధి యున్న జిల్లాలలో ప్రతి కుక్కయు వీథిలోనికి వచ్చునప్పుడు మూతికి తీగెచిక్కము ధరింపవలెను. చిక్కము లేక తిరుగు కుక్కను పట్టుకొందురు. విదేశమునుండి వచ్చు కుక్కను నెలలతరబడి వేరుగా నుంచి పరిశీలింతురు. మన రైతులు కళ్ళములో నూర్పిడివేళ ఎద్దుల మూతికి కట్టు చిక్కమును మీరు చూచియే యుందురు. ఎద్దునకు లేని అవమానము కుక్కకు వచ్చినదని ఆ దేశమున గొప్ప అలజడి పుట్టెను. సంఘములు వెలసెను, విన్నపములు వెల్లువెత్తెను. మంత్రికి జంతువులపై దయ లేదని నిందించిరి. అతడు చలింపలేదు. 1902 నాటికి ఆ దీవిలో రేబీస్ అంతరించెను.

కథ అంతటితో ముగియలేదు. మొదటి ప్రపంచయుద్ధము ముగియుచున్న 1918లో, యూరపునుండి మరలివచ్చు సైనికులు కొందరు తాము మచ్చిక చేసికొన్న కుక్కలను రహస్యముగా ఓడలలో తెచ్చిరి. వారిది ప్రేమయే, సందేహము లేదు. ఆ ప్రేమవలన ఇంగ్లండు నైరృతి భాగమున వ్యాధి తిరిగి తలయెత్తెను. దానిని మరల తుడిచివేయుటకు 1922వరకు పట్టెను.

చిక్కము ఇంత పని చేయగా లైసెన్సు మాత్రము క్రమముగా నీరసించెను. 1878లో పెట్టిన రుసుము నూరేండ్లు గడచినను పెరుగలేదు. నాణెములు మారిన తరువాత అది 37 పెన్నీలుగా నిలిచెను. కుక్కలను పెంచువారిలో చాలమంది దానిని తీసికొనుటయే మానిరి. వసూలైన సొమ్ముకంటె వసూలు చేయు ఖర్చు ఎక్కువయ్యెను. తుదకు 1987లో దానిని రద్దు చేసిరి. ఉత్తర ఐర్లండు మాత్రము విడువలేదు. నా తలపున దోషము రుసుమునందు లేదు. కాగితము ఇంటి పెట్టెలో నుండును, కుక్క వీథిలో నుండును. ఆ రెంటిని కలుపు దారమేదియు లేదు. తప్పిపోయిన కుక్క ఎదుట నిలిచినప్పుడు పోలీసువానికి ఆ కాగితమువలన ప్రయోజనమేమి?

ఆ దారమును వారు 2016లో కనిపెట్టుకొనిరి. ఆ యేడు ఏప్రిలు నుండి ఇంగ్లండులో ఎనిమిది వారములు దాటిన ప్రతి కుక్కకును మైక్రోచిప్పు తప్పనిసరియయ్యెను. అది బియ్యపుగింజంత యుండును. పశువైద్యుడు దానిని లావుపాటి సూదితో కుక్క భుజముల నడుమ చర్మము క్రింద ఉంచును. చదువు యంత్రమును పైన పెట్టినచో పదునైదు అంకెల సంఖ్య కనబడును. ఆ సంఖ్యకు ఎదురుగా యజమాని పేరు, చిరునామా, ఫోను సంఖ్య ఒక పట్టికలో వ్రాయబడి యుండును. చిప్పు ఉన్నచో కుక్క యెక్కడ నున్నదో ఫోనులో చూడవచ్చునని కొందరు పొరబడుదురు. అది యెక్కడ నున్నదో చిప్పు చెప్పదు. యెవరిదో మాత్రమే చెప్పును. యజమాని ఇల్లు మారి క్రొత్త చిరునామా వ్రాయింపనిచో అదియు చెప్పజాలదు.

ఇక మన దేశమునకు వత్తము. మనకు చట్టములు లేవని యెవరును అనలేరు. జంతువులను హింసింపరాదను చట్టము 1960లోనే వచ్చెను. అందు 11వ సెక్షను చదువదగినది. ఆకలిదప్పులకు లోనగునట్లు ప్రాణిని విడిచిపెట్టుట నేరము. కుక్కను ఎల్లప్పుడును గొలుసుతో కట్టివేసి, తగినంత నడకయైనను చేయింపకుండుటయు నేరమే. పట్టణములలో మేడమీది వరండాలో ఉదయమునుండి రాత్రివరకు కట్టియుంచిన కుక్కను చూచినప్పుడు ఈ మాట జ్ఞాపకము చేసికొనుడు. కాని ఆ చట్టము మొదటి నేరమునకు పెట్టిన జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలవరకే. 1960లో ఏబది రూపాయలు పెద్ద మొత్తమే. నేడు దానితో ఆ కుక్కకు ఒకపూట తిండియైన రాదు. తన పెంపుడు జంతువువలన ఇతరులకు ప్రాణభయము కలుగకుండ జాగ్రత్తపడని వానికి వేరుగా శిక్ష కలదు. 2024 జూలై 1వ తేదీన అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను ప్రకారము అట్టివానికి ఆరునెలలవరకు జైలు గాని, ఐదువేల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

లైసెన్సు వ్యవహారము నగరపాలక సంస్థలది. హైదరాబాదు మొదలైన నగరములలో పెంపుడు కుక్కను నమోదు చేయింపవలెను. చెన్నై నగరము 2025లో చిప్పును గూడ నిర్బంధము చేసెను. ఊరూరి నియమములలో చిన్న భేదములున్నను సారము ఒక్కటే. యజమాని తన పేరు, చిరునామా, కుక్క జాతి, రంగు, వయస్సు వ్రాసి యిచ్చి, రేబీస్ టీకా వేసినట్లు పశువైద్యుని ధ్రువపత్రమును చూపవలెను. కొద్దిపాటి రుసుము చెల్లింపవలెను. గడువు తీరగానే మరల చేయింపవలెను. ఇందు రుసుము ముఖ్యము కాదు, ధ్రువపత్రము ముఖ్యము. టీకా లేనిదే లైసెన్సు లేదు గనుక, లైసెన్సు గల కుక్క టీకా వేయించుకొన్న కుక్క యని పొరుగువాడు ధైర్యముగా నుండవచ్చును. అయినను మన నగరములలో నమోదుకాని కుక్కలు కొల్లలుగా నున్నవి. డబ్బుకు వెనుదీసి కాదు. వేలు పోసి కుక్కను కొన్నవానికి ఆ రుసుము ఒక లెక్క గాదు. "అడుగువారెవరు?" అను ధీమాయే కారణము.

వీథికుక్కల విషయమున 2001లో కేంద్రప్రభుత్వము నియమములు చేసెను. 2023లో వానికి బదులు క్రొత్త నియమములు వచ్చెను. వీని ప్రకారము కుక్కలను పట్టి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటనే విడువవలెను. విడిచిన చోటనే ఏల యన్న సందేహము మీకు కలుగవచ్చును. ఒక వీథిని ఖాళీచేసినచో పొరుగు వీథి కుక్కలు వచ్చి చేరును. వానికి టీకా ఉండదు. ఊరి కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా వేసినచో వ్యాధి గొలుసు తెగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. శస్త్రచికిత్స జరిగిన కుక్కకు గుర్తుగా చెవి కొనను కొంచెము కత్తిరింతురు. మీ వీథిలోని కుక్కల చెవులను దూరమునుండియే గమనించి చూడుడు. మీ ఊరివారు ఎంత పని చేసిరో తెలియును. సుప్రీముకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరముల కుక్కలనన్నిటిని శరణాలయములకు తరలింపుమని ఆజ్ఞాపించెను. ఆగస్టు 22న దానిని సవరించి, పిచ్చిపట్టినవి, క్రూరస్వభావము గలవి తప్ప తక్కినవానిని టీకా, చికిత్స ముగిసిన తరువాత వాని చోట విడువవచ్చుననియు, అన్నము పెట్టుటకు వేరుగా చోట్లు ఏర్పరుపవలెననియు చెప్పెను. పదునొకండు దినములలో తీర్పు ఇంత మారుటనుబట్టియే విషయమెంత చిక్కైనదో యూహింపవచ్చును. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబరుపేటలో నాలుగేండ్ల బాలుడు వీథికుక్కల దాడిలో మరణించెను. అట్టి సంఘటనలు జరిగినప్పుడు కుక్కలను ప్రేమించువారును, కుక్కలకు భయపడువారును పరస్పరము దూషించుకొందురు. ఎవరిదియు కాని కుక్కలు వీథిలోనికి ఎట్లు వచ్చెనని ఆలోచించువారు తక్కువ. శస్త్రచికిత్స చేయింపని పెంపుడు కుక్క ఈనిన కూనలు, యజమాని విసిగి విడిచిన కుక్కలు, వాని సంతానము, ఇవియన్నియు ఆ గుంపులో చేరుచున్నవి.

కుక్కను పెంచువాని నిత్యకృత్యములు పెద్దవి కావు. కూనకు మూడు నెలల వయస్సున రేబీస్ టీకా, తరువాత వైద్యుడు చెప్పిన గడువున మరల మరల టీకాలు. మెడపట్టీకి యజమాని ఫోను సంఖ్య. వీథిలోనికి తీసికొని పోవునప్పుడు చేతిలో గొలుసు. "మా కుక్క యెవరినీ ఏమియు అనదు" అను మాట ప్రతి యజమానియు చెప్పునదే. అది తనను ఏమియు అనదు, నిజమే. ఎదుటివాని సంగతి దానికేమి తెలియును? మలమును ఒక సంచిలో తీసి పారవేయుటకు సిగ్గుపడువారున్నారు. కుక్క ప్రేగులలో నుండు ఒక జాతి నులిపురుగుల గ్రుడ్లు మట్టిలో నెలలకొలది బ్రదికి, అచ్చట ఆడుకొను పిల్లల చేతులనుండి నోటిలోనికి పోయి, ఒక్కొక్కప్పుడు కంటిచూపునకే ముప్పు తెచ్చును. కుక్కకు వేళకు పురుగులమందు వేయించుట ఇందులకే. ఇరుగుపొరుగువారికిని హద్దు కలదు. ఇన్ని నియమములు పాటించువానిని కుక్కనే పెంచరాదని నివాసుల సంఘములు నిషేధింపజాలవని భారత జంతు సంక్షేమ మండలి తన మార్గదర్శక సూత్రములలో తెలిపినది.

కుక్క కరచినప్పుడు ఏమి చేయవలెనో ప్రతి విద్యార్థియు ఎరిగియుండవలెను. "కుక్కకాటుకు చెప్పుదెబ్బ" యని మనకొక సామెత యున్నది. సామెతగా బాగున్నది గాని వైద్యముగా పనికిరాదు. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి గాయములో కూరుట యింకను హాని. ముందుగా కుళాయి క్రింద సబ్బుతో పదునైదు నిమిషములు గాయమును కడుగుడు. లాలాజలములోని సూక్ష్మజీవులు అంతటితోనే చాలవరకు కొట్టుకొని పోవును. వెంటనే ఇంటిలో పెద్దలకు చెప్పుడు. కుక్కను కవ్వించితివా యని తిట్టుదురను భయముతో కాటును దాచి ప్రాణము మీదికి తెచ్చుకొన్న బాలురున్నారు. చిన్న గీత యైనను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. పూర్వము బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు పొడిచెడివారు. పెద్దలు నేటికిని దానిని తలచుకొని బెదరింతురు. ఆ పాతమందు మన దేశమున 2005 నాటికే వాడుక తప్పినది. ఇప్పుడు భుజమునందు వేయుదురు. చర్మములోనికి వేయు పద్ధతిలో మొదటి దినము, తరువాత 3వ, 7వ, 28వ దినములలో టీకా పడును. రక్తము వచ్చునంత కాటైనచో గాయముచుట్టు మరియొక మందును గూడ ఎక్కింతురు.

అదే సమయమున కుక్క యజమాని చేయవలసినది వేరు. తప్పించుకొనక తన పేరు చెప్పి, టీకా ధ్రువపత్రమును గాయపడినవారి చేతికి ఈయవలెను. వైద్యుడు మొట్టమొదట దానినే అడుగును. కుక్కను కొట్టి తరుమక, చంపక, ఇంటిలోనే కట్టి పది దినములు అన్నము నీళ్లు పెట్టి కనిపెట్టుచుండవలెను. ఆహారము మానినను, చొంగ కార్చినను, తీరు మారినను పశువైద్యునకు వెంటనే తెలుపవలెను. పదియవ దినము గడచి కుక్క కులాసాగా నున్నదని తేలినచో మిగిలిన టీకాలు అక్కరలేదని వైద్యుడు చెప్పవచ్చును. ఆ కబురును గాయపడిన పిల్లవాని యింటికి తానే పోయి చెప్పవలెను.